ఆకు ఒక్కటే, రంగులు ఆరు

పాలు పోయరు, పంచదార వెయ్యరు, పొయ్యి మీద మరిగించరు. అయినా రుచికి రుచి, వాసనకి వాసన. టీ పుట్టింటి కథ, యానాం గోదారి గట్టు మీద నుంచి...

ఫ్రాన్స్ పడమటి తీరంలో లోరియాన్ అని ఓ రేవు పట్నం ఉంది. ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీ తూర్పు దేశాల సరుకుని 1734 నుంచి అక్కడే వేలం వేసేది. ఓడలు దించిన సరుకులో ఇండియా నూలు బట్టల బేళ్లుండేవి, చైనా నుంచి వచ్చిన టీ పెట్టెలుండేవి. అంతకు మూడేళ్ల ముందే, 1731లో, అదే కంపెనీ యానాంలో స్థిరపడింది. 1723లో ఓసారి వచ్చి, గిట్టుబాటు కాక నాలుగేళ్లకే మూసేసి, మళ్లీ వచ్చింది. వాళ్లకి ఇక్కడ కావలసింది గోదారి జిల్లాల నేత బట్ట. పక్కనే ఇంజరంలో ఇంగ్లీషువాళ్లూ, కాకినాడ జగన్నాథపురంలో డచ్చివాళ్లూ కొఠీలు పెట్టుకున్నదీ ఆ బట్ట కోసమే.

అంటే మన సాలెవాళ్లు నేసిన బట్టా, చైనా కొండల్లో కోసిన ఆకూ ఒకే కంపెనీ లెక్కల్లో నడిచాయి. ఒకే రేవులో అమ్ముడుపోయాయి. కానీ బట్ట నేసినవాళ్ల ఇంటికి మాత్రం ఆ ఆకు రాలేదు. ఆ తర్వాత కూడా నూట యాభై ఏళ్ల పైచిలుకు గోదారి పల్లెలు పొద్దున్నే చద్దన్నం, తరవాణితోనే రోజు మొదలుపెట్టాయి. చైనా సరుకు మన తీరానికి కొత్తేమీ కాదు. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనంలో సుంకాల పట్టీ ఉంది. అందులో చీనా కర్పూరం పేరు కనిపిస్తుంది. టీ ఊసు లేదు. చివరికి ఆ టీ మన గడపలోకి వచ్చింది గానీ, వేరే దారిన, వేరే రూపంలో వచ్చింది. పాలల్లో మరిగే పొడిగా వచ్చింది.

యానాంలో గట్టు మీద ఏ టీ కొట్టు దగ్గర నిలబడినా "బాబాయ్, రెండు టీ. ఒకటి పంచదార తక్కువ" అన్న మాటే. ఆ గాజు గ్లాసులో టీ నాకూ ఇష్టమే. అది లేకుండా నా పొద్దు గడవదు. కానీ టీ అంటే ఇంతే అనుకుంటే చాలా పోగొట్టుకుంటాం. ఏటా ముప్పై లక్షల టన్నులకు పైగా టీ పండిస్తూ ప్రపంచంలో మొదటి స్థానంలో ఉన్న దేశం చైనా. రెండో స్థానం మనదే, సుమారు పదమూడు లక్షల టన్నులతో. మన పంటలో అధిక భాగం ఒకే రకం పొడి. వాళ్లది మాత్రం ఆరు వర్గాలు, ఒక్కో వర్గంలో పదుల కొద్దీ పేర్లు. అంత సంపద పక్క దేశంలో ఉంటే, మనం ఒక్క గ్లాసు దగ్గరే ఆగిపోవడం నాకు బాధగా ఉంటుంది.

ఒకే మొక్క మీద రెండు వందల ఏళ్ల పొరపాటు

గ్రీన్ టీ మొక్క వేరు, బ్లాక్ టీ మొక్క వేరు అని ఐరోపావాళ్లు చాలాకాలం నమ్మారు. మొక్కలకి శాస్త్రీయ నామాలు పెట్టిన లినేయస్ అంతటివాడే 1762లో వీటిని రెండు జాతులుగా రాశాడు. 1840ల్లో రాబర్ట్ ఫార్చ్యూన్ అనే స్కాట్లాండ్ తోటల నిపుణుడు చైనా లోపలికి వెళ్లి తోటలు తిరిగి చూశాక గానీ అసలు సంగతి తెలియలేదు. రెండూ ఒకే మొక్క. దాని శాస్త్రీయ నామం కమేలియా సైనెన్సిస్. అందులో చిన్న ఆకుది చైనా రకం, పెద్ద ఆకుది అస్సాం రకం.

గోదారి జిల్లాల వాళ్లకి ఇది అర్థం కావడం ఎంతసేపు? కాయ ఒకటే అయినా ముక్కలు కొట్టి ఆవపిండి కలిపితే ఆవకాయ, చెక్కు తీసి ఊరబెట్టి ఎండబెడితే మాగాయ, మగ్గబెట్టి రసం తీసి చాపల మీద ఆరబోస్తే ఆత్రేయపురం తాండ్ర. టీ ఆకు సంగతీ అంతే. కోసిన తర్వాత దాన్ని ఏం చేశారన్నదే అసలు కథ.

కోసిన ఆకు ఊరుకోదు. వాడుతుంది, నలుగుతుంది. నలిగినచోట లోపలి రసాలకి గాలి తగులుతుంది. ఆకులోనే ఉండే ఎంజైములు పనిచెయ్యడం మొదలుపెడతాయి. పచ్చదనం పోయి గోధుమ రంగు, ఆపైన ఎరుపు వస్తాయి. దీన్నే ఆక్సీకరణ అంటారు. వేడి తగిలితే ఆ ఎంజైములు చస్తాయి, మార్పు అక్కడితో ఆగిపోతుంది. ఏ క్షణాన వేడి చూపించాలి, ఎంతసేపు ఆగాలి, అసలు వేడి చూపించాలా వద్దా అన్న నిర్ణయాల మీదే చైనా టీ శాస్త్రమంతా నిలబడింది. అన్‌హుయ్ వ్యవసాయ విద్యాసంస్థలో పనిచేసిన ఆచార్యుడు చెన్ చువాన్ 1979లో ఈ పద్ధతుల్ని బట్టే టీలని ఆరు వర్గాలు చేశాడు. పచ్చ, తెలుపు, పసుపు, ఊలాంగ్, ఎరుపు, నలుపు. ఇవాళ ప్రపంచమంతా ఆ వర్గీకరణనే పాటిస్తోంది. 2022లో యునెస్కో చైనా సంప్రదాయ టీ తయారీ విద్యలని మానవజాతి వారసత్వ జాబితాలో చేర్చింది.

పచ్చ టీ: వేడి ముందు, మిగతావన్నీ తర్వాత

చైనాలో తయారయ్యే టీలో సగానికి పైగా పచ్చ టీయే. ఆకు కోసి కాసేపు ఆరనిచ్చి, ఎరుపెక్కకుండానే వేడి చూపిస్తారు. జపాన్‌వాళ్లు ఆవిరి పెడతారు, చైనావాళ్లు ఎక్కువగా ఇనప మూకుడులో వేయిస్తారు. రుచిలో తేడా అక్కడే మొదలవుతుంది.

వీటిలో పేరు మోసింది లాంగ్‌జింగ్. జెజియాంగ్ రాష్ట్రంలో హాంగ్‌జౌ నగరం, దాని పక్కన పడమటి సరస్సు, ఆ చుట్టూ ఉన్న కొండల్లో తోటలు. వేడి మూకుడులో ఆకుని ఉత్త అరచేత్తో అదుముతూ, తోస్తూ, ఎగరేస్తూ వేయిస్తారు. అందుకే ఆ ఆకు బల్లపరుపుగా ఉంటుంది. గ్లాసులో వేసి వేడినీళ్లు పోస్తే నిలువుగా లేచి, మెల్లగా అడుక్కి దిగుతుంది. ఏప్రిల్ 5 ప్రాంతంలో వాళ్లకి చింగ్‌మింగ్ అనే పెద్దల పండగ వస్తుంది. ఆ పండక్కి ముందు కోసిన లేత చిగురుకే ఎక్కువ ధర. చలికాలమంతా మొక్క దాచుకున్న సారం ఆ మొదటి చిగురులో ఉంటుంది. ఎండలు ముదిరేకొద్దీ ఆకు పెద్దదై, వగరు పెరిగి, ధర పడిపోతుంది. ఇంతకంటే లేతది బిలోచున్. జియాంగ్‌సు రాష్ట్రంలో తాయ్ సరస్సు దగ్గరి కొండల పంట. ఒక్క అరకిలోకి అరవై వేలకు పైగా మొగ్గలు కొయ్యాలంటారు. కోసేదంతా చేతులతోనే.

అన్‌హుయ్ రాష్ట్రం మరో గని. అక్కడి తైపింగ్ హౌకుయ్ ఆకు వేలంత పొడవుంటుంది. లియూఆన్ గ్వాపియన్‌లో మొగ్గ గానీ కాడ గానీ ఉండదు, ఉత్త ఆకే. చైనాలో పుట్టి వేరే దేశానికి ప్రాణమైన పచ్చ టీ కూడా ఒకటుంది. ఆకుని చిన్న చిన్న ఉండలుగా చుట్టడంతో దానికి గన్‌పౌడర్ అని పేరొచ్చింది. మొరాకోవాళ్లు దాన్ని పుదీనాతో, బోలెడు పంచదారతో కాచుకుంటారు. టీలో పంచదార మన ఒక్కళ్ల అలవాటే కాదని తెలిస్తే కాస్త ధైర్యంగా ఉంటుంది.

మన దుకాణాల్లో గ్రీన్ టీ అంటే దారం కట్టిన కాగితం సంచి. బరువు తగ్గిస్తుందని డబ్బా మీద రాసుంటుంది. దాన్ని కూడా సలసల కాగే నీళ్లలో వేసి, పది నిమిషాలు వదిలేసి, చేదుగా ఉందని మొహం చిట్లిస్తాం. చేదు ఆ ఆకు తప్పు కాదు. మరిగే నీళ్లు పచ్చ టీకి పడవు. ఈ టీని మందుగా తాగడం మానేసి రుచి కోసం తాగితే, రెండు గుక్కల్లోనే సంగతి తెలుస్తుంది.

తెల్ల టీ, పసుపు టీ గురించి క్లుప్తంగా చెప్పుకుందాం. తెల్ల టీ ఫుజియాన్ రాష్ట్రంలో ఫుడింగ్, జెంగ్‌హె ప్రాంతాలది. వేయించరు, నలపరు. వాడనిచ్చి ఆరబెడతారు, అంతే. మొగ్గల మీది తెల్లటి నూగు అలాగే ఉండిపోతుంది. ఉత్త మొగ్గలతో చేసింది బైహావ్ యిన్‌జెన్, అంటే వెండి సూదులు. మొగ్గతోబాటు ఒకటి రెండు ఆకులున్నది బై ముదాన్. పసుపు టీ ఆరింటిలోకీ అరుదైనది. పచ్చ టీలాగే వేయించి, ఇంకా వెచ్చగా ఉండగానే గుడ్డలోనో కాగితంలోనో మూటగట్టి మగ్గనిస్తారు. వగరు విరిగి మెత్తబడుతుంది. హునాన్ రాష్ట్రంలో డాంగ్‌టింగ్ సరస్సు మధ్య లంకలో పండే జున్‌షాన్ యిన్‌జెన్ దీనిలో పేరున్నది. శ్రమ ఎక్కువ, కొనేవాళ్లు తక్కువ. అందుకే చేసేవాళ్లూ తగ్గిపోయారు.

ఊలాంగ్: రాత్రంతా మెలకువ

నా మటుకు నాకు చైనా టీ విద్య అంతా ఊలాంగ్‌లో ఉందనిపిస్తుంది. పచ్చకీ ఎరుపుకీ నడుమ ఎక్కడ ఆపాలో తెలిసినవాడే దీన్ని చెయ్యగలడు. కోసిన ఆకుని కాసేపు ఎండలో వాడ్చి, వెదురు చేటల్లో పోసి ఎగరేస్తారు. ఆకులు ఒకదానికొకటి తగిలి అంచులు మాత్రమే కమిలిపోతాయి. కాసేపు వదిలేస్తారు. మళ్లీ ఎగరేస్తారు. మళ్లీ వదిలేస్తారు. ఇలా రాత్రి పొద్దుపోయేదాకా సాగుతుంది. అంచు ఎర్రబడాలి, నడిమి పచ్చగా ఉండాలి. ఎప్పుడు చాలో గడియారం చెప్పదు, ముక్కు చెబుతుంది. పచ్చి ఆకు వాసన పోయి పూల వాసన తిరిగిన క్షణాన మూకుడులో వేస్తారు. తర్వాత చుట్టడం, బొగ్గుల సెగ మీద కాల్చడం. ఆ రోజు వాన పడ్డా, గాలిలో తేమ పెరిగినా లెక్కలన్నీ మారిపోతాయి.

ఫుజియాన్ దక్షిణాన ఆన్‌షి ప్రాంతపు టియెగ్వాన్‌యిన్ ఆకుపచ్చగా, పూల వాసనతో ఉంటుంది. ఆ పేరు కరుణా దేవత గ్వాన్‌యిన్‌ది. అదే రాష్ట్రం ఉత్తరాన వూయీ కొండల్లో పండేది రాతి టీ. మట్టి తక్కువ, రాయి ఎక్కువ. బండల సందుల్లోంచి మొలిచిన పొదల ఆకు అది. దాని రుచిలో రాయి తెలుస్తుందని అక్కడివాళ్లంటారు. అందులో దా హాంగ్ పావ్ పేరు ప్రపంచమంతా తెలుసు. కొండ చరియ మీద రాతి గట్టు కట్టి కాపాడుకుంటున్న ఆరు తల్లి పొదలున్నాయి. 2006 నుంచి వాటి ఆకు కొయ్యడం మానేశారు. చివరి కోత ఆకుని బీజింగ్ జాతీయ మ్యూజియానికి ఇచ్చారు. మనం కొనగలిగేది ఆ పొదల కొమ్మల నుంచి పెంచిన మొక్కలది, లేదా రకరకాల రాతి టీలు కలిపినది. తల్లి చెట్టు ఆకంటూ ఎవరైనా అమ్మజూపితే కొనకండి.

గ్వాంగ్‌డాంగ్‌లో చావ్‌జౌ ప్రాంతపు దాన్‌చాంగ్ ఊలాంగులది మరో దారి. ఒక్కో చెట్టుకి ఒక్కో వాసన ఉంటుంది. ఒకటి సంపెంగ జాతి పువ్వుని తలపిస్తే ఇంకొకటి నారింజ పూతని తలపిస్తుంది. బయటి నుంచి ఏ పరిమళమూ కలపరు. ఆ ఊళ్లలో టీ పోసే తీరు చూడాలి. పిడికెడు కుండ, దాని నిండా ఆకు, రెండు గుక్కల కప్పులు. పోసి క్షణాల్లో వంచేస్తారు. అదే ఆకు మీద ఏడెనిమిది సార్లు నీళ్లు పోస్తారు. ప్రతిసారీ రుచి మారుతుంది. సముద్రం దాటి తైవాన్ చేరిన ఊలాంగు అక్కడ డాంగ్ డింగ్ అయింది, ఓరియంటల్ బ్యూటీ అయింది. ఈ రెండోదానికి తేనె రుచి తెచ్చేది ఓ పచ్చ పురుగు. అది కొరికిన ఆకు తనని కాపాడుకోవడానికి తయారు చేసుకునే రసాయనాలే ఆ పరిమళం. అందుకే ఆ తోటల్లో పురుగుమందు కొట్టరు.

ఎర్ర టీ: లోరియాన్ నుంచి అస్సాం దాకా

మనం బ్లాక్ టీ అనేదాన్ని చైనావాళ్లు ఎర్ర టీ అంటారు. ఆకుని నలిపి, గాలికి పూర్తిగా ఎర్రబడనిచ్చి, ఆపైన ఎండబెడతారు. లోకంలో మొదటి ఎర్ర టీ అని చెప్పుకునేది లాప్‌సాంగ్ సూచాంగ్. వూయీ కొండల్లో టాంగ్‌ము అనే ఊరు దాని పుట్టిల్లు. పైన్ కట్టెల పొగ మీద ఆరబెడతారు. ఆ పొగ వాసన కొందరికి పట్టదు, పట్టినవాళ్లు మాత్రం వదలరు.

లోరియాన్ వేలాల్లో అమ్ముడుపోయిన టీలో పెద్ద వాటా ఆ వూయీ కొండలదే. ఐరోపాలో దాన్ని బోహీ అన్నారు. ఆ ఆకు మొయ్యడానికి పడిన శ్రమ తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది. 1757లో చింగ్ చక్రవర్తి విదేశీ వర్తకాన్నంతా కాంటన్ రేవుకే కట్టేశాడు. దాంతో ఫుజియాన్ కొండల్లో కోసిన ఆకు కూలీల భుజాల మీద కనుమలు దాటి, పడవలెక్కి, వారాల తరబడి దక్షిణానికి నడవాల్సి వచ్చింది. ఓడ అడుగున పింగాణీ పేర్చేవారు. చెమ్మ తగిలినా దానికి భయం లేదు. దాని మీద టీ పెట్టెలు. ఫ్రెంచివాళ్లు స్వయంగా తాగింది తక్కువ. లోరియాన్‌లో కొన్న టీలో చాలా భాగం దొంగచాటుగా ఇంగ్లండు చేరేది. అక్కడ టీ మీద పన్ను నూటికి నూరు దాటి ఉండేది మరి. 1784లో ఇంగ్లండు ఆ పన్నుని పన్నెండున్నర శాతానికి దించేసరికి దొంగ వ్యాపారం కుప్పకూలింది. 1773లో అమెరికాలో బోస్టన్ రేవులో సముద్రం పాలైన టీ కూడా చైనాదే, అందులోనూ ఎక్కువ బోహీయే.

టీ కొనడానికి ఇంగ్లీషువాళ్లు వెండి పోశారు. చైనాకి వాళ్ల దగ్గర కొనాల్సినదేమీ లేదు. వెండి తరిగిపోతుంటే ఇండియాలో పండించిన నల్లమందుని చైనా మీద రుద్దారు. అది 1839లో యుద్ధం దాకా పోయింది. ఇంకో పక్క టీని సొంతంగా పండించుకోవాలన్న పట్టుదల. ఫార్చ్యూన్ రెండోసారి చైనా వెళ్లింది అందుకే. ఈస్టిండియా కంపెనీ పంపగా వెళ్లి, వేల మొక్కల్నీ విత్తనాల్నీ, కొందరు పనివాళ్లనీ హిమాలయ తోటలకి తెచ్చాడు. అంతకు ముందే అస్సాంలో సింగ్‌ఫో జనం తాగుతున్న అడవి టీ బయటపడింది. పెద్ద ఆకు, ముదురు రంగు. ఆ తోటలకి కూలీలు కావాల్సి వస్తే మద్రాసు రాజధాని ఉత్తరాది జిల్లాల్లోంచి, గంజాం, విశాఖపట్నం వైపు నుంచి కూడా తీసుకెళ్లారు. అలా వెళ్లిన తెలుగు కుటుంబాల సంతతి ఇవాళ్టికీ అస్సాం తోటల్లో ఉంది. టీ పేరు చెప్పగానే మనం తలుచుకోవాల్సింది ముందు వాళ్లని.

1903లో టీ ఎగుమతుల మీద సెస్సు వేసి, ఆ డబ్బుతో ప్రచారం మొదలుపెట్టారు. ఇండియాలోనే ఇండియా టీ తాగించడానికి రైల్వే స్టేషన్లలో, సంతల్లో కాచి చూపించారు. 1930ల మొదట్లో అస్సాంలోని అమ్‌గూరి తోటలో విలియం మెకెర్చర్ ఆకుని నలిపి, చించి, ఉండ చుట్టే యంత్రం కనిపెట్టాడు. అదే సీటీసీ. చవక, చిక్కన, పాలకి తట్టుకుంటుంది. స్వాతంత్ర్యం వచ్చాక ఆ పొడే దేశమంతా నిండింది. 1954లో ఫ్రెంచి జెండా దిగిన యానాంలోనూ గోదారి అవతలి ఎదుర్లంకలోనూ నేడు మరిగేది అదే.

సీటీసీకి అలవాటు పడ్డ నాలుకకి చైనా ఎర్ర టీలలో ముందు నప్పేది యున్నాన్ రాష్ట్రపు దియాన్‌హాంగ్. అస్సాం ఆకుకి దాయాదైన పెద్దాకుతో చేస్తారు. బంగారు రంగు మొగ్గలు, కొంచెం తీపి. 1930ల చివర జపాన్ దాడితో తూర్పు తీరపు టీ ప్రాంతాలు చేజారిపోతుంటే, ఎగుమతికి ఏదో ఒకటి కావాలని యున్నాన్ ఫెంగ్‌చింగ్‌లో కొత్తగా మొదలుపెట్టిన టీ అది. అన్‌హుయ్‌లో 1875 ప్రాంతంలో పుట్టిన కీమన్ దానికంటే సున్నితం. పాలు పోస్తే దాని ప్రాణం పోతుంది.

నల్ల టీ, రంగం వెళ్లినవాళ్లు

ఆరోది నల్ల టీ. ఇక్కడ ఆకుని మార్చేది గాలి కాదు, సూక్ష్మజీవులు. యున్నాన్ పుఎర్ ఇందులో పెద్దది. ఎండలో ఆరబెట్టిన ఆకుని ఆవిరి పట్టి బిళ్లలుగా అదుముతారు. మామూలు బిళ్ల బరువు 357 గ్రాములు. ఏడేసి బిళ్లలు వెదురు తొడుగులో కడతారు. పచ్చి పుఎర్ ఏళ్ల తరబడి నిలవుండి తనంతట తాను పండుతుంది. అంతకాలం ఆగలేని గిరాకీ కోసం 1970ల మొదట్లో కున్‌మింగ్‌లో ఇంకో దారి కనిపెట్టారు. ఆకుని కుప్ప పోసి, తడిపి, కప్పెట్టి కొన్ని వారాల్లో మగ్గిస్తారు. అది పండు పుఎర్. రంగు చూస్తే మన డికాషనే అనుకుంటారు గానీ, తాగితే వగరన్నది ఉండదు. తడి మట్టి వాసన, మెత్తటి తీపి. హునాన్ ఇటుక టీల్లో పసుపు చుక్కల్లా ఓ బూజు పెంచుతారు. దానికి బంగారు పువ్వులని పేరు. గ్వాంగ్‌షీ రాష్ట్రపు లియూబావ్‌ని మలయా తగరపు గనుల్లో పనిచేసిన చైనా కూలీలు వెంట తీసుకెళ్లారు. సిచువాన్ ఇటుకలు కొండదారుల్లో టిబెట్ చేరి, వెన్న, ఉప్పు కలిసిన టీ అయ్యాయి.

యున్నాన్‌కి ఆనుకునే బర్మా. అక్కడ గోదారి మనుషులున్నారు. మన పెద్దవాళ్లు రంగూన్‌ని రంగం అనేవారు. యానాం పక్కనున్న కోరంగి రేవు నుంచి, అది 1839 తుపానుకి దెబ్బతిన్న తర్వాత కాకినాడ నుంచి వేల మంది ఓడలెక్కి రంగం వెళ్లారు. రేవులో మూటలు మోశారు, మిల్లుల్లో పనిచేశారు. కోరంగి నుంచి వచ్చారు కాబట్టి అక్కడ తెలుగువాళ్లకి కొరంగీలనే పేరు పడింది. టీ ఆకుని తాగడమే కాదు, తినే దేశం బర్మా. లేత ఆకుని ఆవిరి పట్టి, గుంటల్లో నొక్కిపెట్టి నెలల తరబడి పులియబెట్టి, నూనె, వేయించిన వెల్లుల్లి, పల్లీలు, నువ్వులతో కలిపి తింటారు. దాని పేరు లఫెట్. టీ కొట్లో బల్ల మీద ఫ్లాస్కులో పలచటి టీ ఊరికే పెడతారు. పక్కనే పాల టీ అమ్ముతారు. ఆ పాల టీ అలవాటు అక్కడ నాటింది ఇండియా నుంచి వెళ్లినవాళ్లే. 1942లో జపాన్ బాంబులకి లక్షల మంది ఇండియన్లు అడవుల్లో నడిచి తిరిగొచ్చారు. ప్రాణాలతో వచ్చినవాళ్లు ఏ రుచులు వెంట తెచ్చుకున్నారో రాసిపెట్టినవాళ్లు తక్కువ. ఆ ఇళ్లలో తాతయ్యలు, నాన్నమ్మలు ఇంకా ఉంటే అడిగి రాసుకోవాల్సిన సమయమిది.

ఇంట్లో కాచుకోవాలంటే

ముందు నీళ్లు. డెల్టా చివరి ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. పాల టీలో అది తెలియదు గానీ చైనా టీలో దాగదు. తాగే క్యాన్ నీళ్లు వాడండి. పచ్చ టీకి నీళ్లు కాచి, దించి, వేరే గిన్నెలోకి వంచి నాలుగైదు నిమిషాలు ఆగండి. 80 డిగ్రీల దగ్గరికి వస్తుంది. గ్లాసుకి చిన్న చెంచాడు ఆకు, రెండు నిమిషాలు. ఊలాంగ్, ఎర్ర, నల్ల టీలకి మరిగిన నీళ్లే పోయొచ్చు. ఆకుని పారెయ్యకండి, రెండోసారి, మూడోసారి కూడా పనికొస్తుంది. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో పచ్చ టీ తొందరగా పాడవుతుంది. బిగుతు మూత ఉన్న స్టీలు డబ్బాలో ఉంచి, తెరిచిన రెండు మూడు నెలల్లో అవగొట్టండి. పుఎర్ బిళ్లకి ఈ చెమ్మలో బూజు పట్టే ప్రమాదముంది కాబట్టి పెట్టుబడిగా కొని దాచాలనుకోవద్దు. రక్తహీనత ఉన్నవాళ్లు భోజనంతో కాకుండా గంట ఎడంగా తాగడం మంచిది. ఆహారంలోని ఇనుము ఒంటికి పట్టకుండా టీ అడ్డుపడుతుంది.

మొదట ఏది కొనాలని అడిగితే, పాల టీ మానలేనివాళ్లకి దియాన్‌హాంగ్ చెబుతాను. మిగతావాళ్లకి మల్లె టీ.

మల్లె మనది

మల్లె టీ ఆరు వర్గాల్లో లేదు. పచ్చ టీకే మల్లెపూల వాసన పట్టించి చేస్తారు. ఆ పువ్వు వేరే ఏదో కాదు, మన గుండుమల్లె జాతే. జాస్మినమ్ సాంబాక్ అని దాని శాస్త్రీయ నామం. ఆ జాతి పుట్టింది మన వైపే, ఇక్కడి నుంచే చాలా శతాబ్దాల కిందట చైనా చేరింది. మల్లె టీకి పాత పేరు ఫుజౌది. అక్కడి మల్లె తోటల, టీ తోటల వ్యవస్థని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2014లో వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. ఇవాళ చైనా మల్లెల్లో ఎక్కువ భాగం గ్వాంగ్‌షీలోని హెంగ్‌జౌ నుంచి వస్తాయి.

వసంతంలో కోసి చేసిన టీని వేసవి మల్లెల దాకా దాస్తారు. మధ్యాహ్నపు ఎండలో, రాత్రికి విచ్చుకోబోయే మొగ్గల్ని కోస్తారు. చీకటి పడ్డాక మొగ్గ విచ్చుతుంటే వాసన బయటికొస్తుంది. అప్పుడు టీ ఆకూ పూలూ కలిపి కుప్ప పోస్తారు. ఆకు ఆ వాసనని పీల్చుకుంటుంది. కుప్ప వేడెక్కితే విరజిమ్మి, మళ్లీ పోగుచేస్తారు. తెల్లవారాక వాడిన పూలని జల్లించి పారేస్తారు. ఆకు పూల చెమ్మ కూడా పీల్చింది కాబట్టి మళ్లీ ఆరబెడతారు. తర్వాతి రాత్రుల్లో కొత్త పూలతో మళ్లీ అదే పని. మేలిరకం మల్లె టీకి ఇలా ఏడెనిమిది సార్లు పూలు మారుస్తారు. అంత చేశాక మంచి మల్లె టీలో పూరేకులు దాదాపు కనిపించవు. రేకులు గుప్పించి అమ్మేది చాలావరకు కంటికే గానీ ముక్కుకి కాదు.

దీన్ని గోదారి జిల్లాల ఇళ్లలో చేసుకోవచ్చు. కడియం నర్సరీల నుంచి తెచ్చి పెంచుకున్న మల్లె పొద పెరట్లో ఉంటే చాలు. బజారు పూలకి మందులు కొడతారు, అవి వద్దు. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం బిగువుగా ఉన్న మొగ్గలు రెండు పిడికెళ్లు కొయ్యండి. నాసిది కాని పచ్చ టీ ఆకు ఓ పిడికెడు తీసుకుని, పొడిగా తుడిచిన స్టీలు గిన్నెలో ఒక వరస ఆకు, ఒక వరస మొగ్గలు పరచండి. పైన పలచటి గుడ్డ కప్పి, వంటింటి వాసనలు తగలని గదిలో రాత్రంతా ఉంచండి. పొద్దున్నే పూలన్నీ ఏరేసి, ఆకుని మూకుడులో సన్నటి సెగ మీద చెమ్మ పోయేదాకా కలుపుతూ ఆరనివ్వండి. మాడనివ్వొద్దు. ఓపిక ఉంటే మర్నాటి సాయంత్రం కొత్త మొగ్గలతో ఇంకోసారి చెయ్యండి. మూడోసారికి వాసన నిలుస్తుంది.